పొద్దున ఎనిమిదిన్నర ఫోను

ఉద్యోగం మానేసిన కొత్తలో నేను చేసిన మొట్టమొదటి పని టైమ్‌టేబుల్ రాసుకోవడం. పదో తరగతి పరీక్షల ముందు గోడకి అతికించుకునేవాళ్ళం చూడండి, అలాంటిది. ఐదున్నరకి లేవాలి, ఆరింటికి నడక, ఏడింటికి పిల్లకి టిఫిన్, ఎనిమిదింటికి స్కూల్ బస్సు, తొమ్మిది నుంచి పదిన్నర దాకా ఆట గురించి చదువుకోవాలి, పదకొండు నుంచి ఐదు దాకా ఆడాలి, ఐదున్నరకి ఇంట్లో ఉండాలి. రెండు రంగుల పెన్నులతో గీతలు కొట్టి మరీ ఫ్రిజ్ మీద అతికించాను. మా ఆవిడ ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ ఆగి దాన్ని పూర్తిగా చదివింది. "బాత్‌రూమ్‌కి ఎప్పుడెళ్తారో రాయలేదే" అంది. నాలుగు రోజులు నడిచింది నా టైమ్‌టేబుల్. ఐదో రోజు పిల్లని బస్సెక్కించి వచ్చి, ఐదు నిమిషాలే కదా అని సోఫాలో ఒరిగి, పన్నెండున్నరకి లేచాను.

నేను పేకాడి బతుకుతాను. ఇలా రాయడం తేలికే గానీ పుట్టినరోజు పార్టీల్లో చెప్పడం కష్టం. ఎవరైనా అడిగితే "కన్సల్టింగ్" అంటాను. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్లలో ఎవరిని కదిపినా అదే మాట అంటారు కాబట్టి రెండో ప్రశ్న రాదు. నేనాడేది రమ్మీ కాదు, పోకర్. పదిహేనేళ్ళు సాఫ్ట్‌వేర్ పని చేసి, గ్రీన్‌కార్డ్ చేతికొచ్చిన ఏడాది దాన్ని వదిలేసి ఇందులోకి దిగాను. ఆడటం నాకు వచ్చు. ఆ విషయంలో నాకెప్పుడూ అనుమానం లేదు. రానిదల్లా రోజుని ఒక పద్ధతిలో పెట్టుకోవడమే. మేనేజర్లని తిట్టుకుంటూ బతికినవాణ్ణి, వాళ్ళు లేకపోతే మంచం దిగలేనని నాకేం తెలుసు?

అన్నిటికంటే కష్టం ఐదింటికి క్లబ్బులో పేక బల్ల దగ్గర్నుంచి లేవడం. గెలుస్తూ ఉంటే, ఇంత బాగా నడుస్తుంటే ఎవడైనా లేస్తాడా అనిపిస్తుంది. ఓడిపోతూ ఉంటే, పోయింది రాబట్టుకుని లేద్దాం అనిపిస్తుంది. రెండూ కాకపోతే, పొద్దుటి నుంచి కూర్చుని ఏమీ జరగలేదే, ఇప్పుడు జరుగుతుందేమో అనిపిస్తుంది. ఏ రకంగా చూసినా లేవడానికి కారణం దొరకదు. ఏడయ్యేది, ఎనిమిదయ్యేది. ఇంటికొచ్చేసరికి మా ఆవిడా పిల్లా తినేసి ఉండేవారు.

ఇలాంటి రోజుల్లోనే ఒకతను నా వెంట పడ్డాడు. వెంటపడ్డాడనడం నా నోటి దురుసు. నిజానికి నేనే అతన్ని ఆటకి పట్టుకెళ్ళాను. అతనిది వరంగల్ దగ్గర. మా పక్క బ్లాకులోనే ఉండేవాడు, నాకన్నా ఆరేళ్ళు చిన్న. నన్ను నోరారా "అన్నా" అనేవాడు. ఇంట్లో సరదాగా ఆడుకునేటప్పుడు అతని ఆట చూసి ముచ్చటపడి, ఒక శనివారం క్లబ్బుకి తీసుకెళ్ళాను. ఆ తర్వాత ఆరు నెలలకి అతని కంపెనీలో లేఆఫ్ వచ్చింది. అతను ఇంకో ఉద్యోగం వెతకలేదు. భార్యని కూర్చోబెట్టి, ఆట మీద బతుకుతానని చెప్పాడు. ఆ అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు, "ఒక్క ఏడాది చూస్తా. ఇంటి అద్దె నీ ఆట మీద రావాలె. రాకపోతే ఏడ దొరికితే ఆడ జాబ్‌లో చేరాలె, మళ్ళ పేక ముట్టొద్దు" అని షరతు పెట్టింది. ఇతను ఒప్పుకున్నాడు. ఆ ఏడాది అతనికి ఎంత ముఖ్యమో నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత నాకు తెలియదని నేను తప్పించుకోకుండా.

అతనికి టైమ్‌టేబుల్ అక్కర్లేకపోయింది. పొద్దున్నే లేచేవాడు, ఎందుకంటే మెలకువ వచ్చేది. పిల్లని బడిలో దింపి, కాలువ పక్కన నడిచి, స్నానం చేసి, పదకొండింటికి క్లబ్బులో ఉండేవాడు. ఒంటిగంటన్నరకి బల్ల మీంచి లేచి పార్కింగ్‌లో తన కారులో కూర్చుని భార్య పెట్టిచ్చిన పెరుగన్నం తిని, పదిహేను నిమిషాలు కళ్ళు మూసుకుని మళ్ళీ వచ్చేవాడు. ఐదవగానే లేచేవాడు. ముందున్న పందెం బిళ్ళలు గుట్టగా ఉన్నా, గుప్పెడే మిగిలినా, అదే మొహం. "పోతున్న అన్నా" అని భుజం తట్టి వెళ్ళేవాడు. నేను అతని వీపు చూస్తూ కూర్చునేవాణ్ణి.

పార్టీల్లో ఎవరైనా అడిగితే "పేకాడుత అక్కా" అని నవ్వుతూ చెప్పేసేవాడు. వాళ్ళూ నవ్వేవారు. చుట్టూ చేరి ఎలా ఆడాలని అడిగేవారు. నేను పక్కనే కన్సల్టింగ్ మొహం పెట్టుకుని సమోసా తినేవాణ్ణి.

నేనూ అతన్ని కాపీ కొట్టి చూశాను. పెరుగన్నం డబ్బాలో పెట్టుకెళ్ళి కారులో తిన్నాను. జూలై నెల, ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని పదిహేను నిమిషాలకి అలారం పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. అలారం నొక్కేసి రెండు గంటలు పడుకున్నాను. సెక్యూరిటీ అతను కిటికీ కొట్టి, బాగానే ఉన్నారా అని అడిగాడు.

ఇక మా ఆవిడ. ఆవిడకి మా ఊళ్ళోనే లాస్ కొలీనాస్‌లో ఆఫీసు, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. ఒకరోజు మాటల్లో, "సాయంత్రం టీకి నేనసలు గడియారం చూడను. మీ తమ్ముడి కారు కింద ఆగుతుంది, లేచి నీళ్ళు పెడతాను" అంది. ఆవిడ నన్ను దెప్పడానికి అనలేదు. అదే నాకు ఇంకా మండింది. నా ఇంట్లో, నా పెళ్ళాం, ఇంకొకడి కారు చూసి టీ పెట్టుకుంటోంది. ఆ టీ నాకిప్పటికీ సయించదు. ఊళ్ళో లారీల వెనక "నన్ను చూసి ఏడవకురా" అని రాస్తారు కదా, అతని కారుకి అది రాసి ఉన్నట్టే కనపడేది నాకు.

ఇంతకీ ఫోను సంగతి. పోకర్ ఆడి బతికేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. నిన్న ఆడినవాటిలో మనసుని తొలుస్తున్న ఆట ఒకటి, నమ్మకమైన ఇంకో ఆటగాడికి పూసగుచ్చినట్టు చెప్పాలి. అతను విని, ఎక్కడ తప్పు చేశావో, ఎక్కడ చెయ్యలేదో చెప్పాలి. ఇది లేకపోతే ఈ పనిలో నెగ్గుకురావడం కష్టం. గెలిస్తే మన తెలివి, ఓడితే మన ఖర్మ అనుకుంటాం. మన తప్పు మనకి కనపడదు. అందుకని రోజూ ఎనిమిదిన్నరకి, పిల్లలు బడికి వెళ్ళాక, అతను కాలువ పక్కన నడుస్తూ నాకు ఫోన్ చేసేవాడు. నేను వంటింట్లో కాఫీ కప్పుతో కూర్చునేవాణ్ణి. ముందు నాది, తర్వాత అతనిది. ఉన్నదున్నట్టు చెప్పాలన్నది ఒక్కటే నియమం. పెట్టింది నేనే.

అతని ఆటలో ఒక గొప్పతనం ఉంది. ఇది అర్థం కావడానికి పోకర్ ఏమీ తెలియక్కర్లేదు. ఆఖరి కార్డు పడ్డాక ఎదుటివాడు పెద్ద పందెం వేస్తాడు. మీ చేతిలో మంచి కార్డులే ఉన్నాయి. అతని కార్డులు చూడాలంటే అంత డబ్బూ మీరూ పెట్టాలి, లేదంటే మీవి పడేసి ఊరుకోవాలి. మంచి కార్డులు పడెయ్యడానికి ఎవరికైనా ప్రాణం ఒప్పదు. ఇతను పడేసేవాడు. అందరి దగ్గరా కాదు. పగటి పూట క్లబ్బుకి వచ్చేవాళ్ళలో సగం మంది రిటైరైన తెల్లవాళ్ళు. కాఫీ తాగుతూ, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటూ, గంటల తరబడి ఏమీ ఆడకుండా కూర్చుంటారు. అలాంటి మనిషి ఉన్నట్టుండి పెద్ద పందెం వేశాడంటే ఆయన దగ్గర మనకన్నా మంచి కార్డులు ఉన్నట్టే. బుకాయించడం వాళ్ళకి చేతకాదు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా నేను సగం సార్లు డబ్బు పెట్టేవాణ్ణి, చూడకుండా ఉండలేక. అతను చక్కగా పడేసి, నీళ్ళ సీసా మూత తీసుకుని ఓ గుక్క తాగేవాడు.

ఒక మంగళవారం ఫోన్లో ఇలాంటిదే చెప్పాడు.

"గా చేప బొమ్మ టోపీ ముసలాయన లేడా అన్నా, ఆయన. ఆఖరి కార్డు పడ్డంక ఒక్కసారే పెద్దగ వేసిండు. నాకు మంచిగనే ఉండె. అయినా ఎందుకో, ఈయన ఊకె వెయ్యడు అనిపించి పడేసిన. రాత్రంతా అదే తిరుగుతుంది మనసుల. తప్పు చేసిన్నా?"

ముందు రోజు సాయంత్రం నేను ఎనిమిదింటిదాకా కూర్చుని ఓడిపోయి వచ్చాను. ఇంట్లో టీ గిన్నె కడిగి బోర్లించి ఉంది. అతను చేసింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. నేను కాఫీ ఒక గుక్క తాగి, తీరిగ్గా అన్నాను.

"భయపడ్డావు తమ్ముడూ."

"భయమా?"

"ఆ ముసలాయనకి నీ సంగతి తెలిసిపోయింది. పెద్దగా వేస్తే నువ్వు పడేస్తావని బల్ల మీద అందరికీ తెలుసు. నిన్ను ఆడిస్తున్నారు. అలాంటప్పుడు పెట్టి చూడాలి."

అటువైపు నడక ఆగింది. "నాకు గా ఆలోచనే రాలే అన్నా" అన్నాడు. "మంచిగ చెప్పినవ్."

ఫోన్ పెట్టేశాక నా చేతులు వణికాయని రాస్తే బాగుంటుంది. వణకలేదు. లేచి గిన్నెలు సర్దాను. ఆ ఒక్క మాటతో ఏమైపోతుందిలే అనుకున్నాను కూడా. కానీ ఒక్క మాటతో ఆగలేదు. మర్నాడు అతను ఇంకొకటి చెప్పాడు, మళ్ళీ అదే అన్నాను. ఆ తర్వాత వారం అతనే ముందుగా, "అన్నా, నువ్వన్నట్టు పెట్టి చూసిన. ఆయన దగ్గర ఉండె. పోయినయి" అన్నాడు. "ఒకసారికి అలాగే అవుతుంది. లెక్క మీద చూడాలి, పది సార్లలో ఎన్నిసార్లు అని" అన్నాను. మేము చదువుకునే పుస్తకాల్లో భాష అది. తప్పుడు మాటకి ఆ భాష తొడిగితే ఎవరైనా నమ్ముతారు. అందులోనూ అన్న చెప్తే.

శీతాకాలానికి అతను మారిపోయాడు. మొదట పెరుగన్నం పోయింది. ఒంటిగంటన్నరకి లేవకుండా బల్ల దగ్గరే చిప్స్ పొట్లం చింపుకునేవాడు. ఒకరోజు ఐదయింది. నేను గోడ మీది గడియారం వైపు చూసి, అతని వైపు చూశాను. లేవలేదు. ఐదుంబావు. ఐదున్నర. భార్య దగ్గర్నుంచి ఫోన్ వస్తే బోర్లా తిప్పి పెట్టాడు. అప్పుడు నేను లేచాను. "పోతున్నా తమ్ముడూ" అని భుజం తట్టి, ఐదున్నరకి క్లబ్బు లోంచి బయటికి వచ్చాను. వెలుతురు ఇంకా ఉంది. కారులో పాటలు పెట్టుకున్నాను. ఆ రోజు నాకు సంతోషం వేసింది, అబద్ధమెందుకు.

ఇంకా సిగ్గుచేటు సంగతి ఉంది. ఆ నెలల్లోనే నా రోజు ఒక దారిలో పడింది. ఏడాదిన్నరగా రంగు పెన్నులతో కానిది, అలారాలతో కానిది, దానంతటదే అయింది. పొద్దున్నే మెలకువ వచ్చేది. ఎందుకంటే ఎనిమిదిన్నరకి అతని ఫోన్ వస్తుంది, నిన్న డబ్బులు ఎలా పోయాయో చెప్తాడు. ఆ మాటలు వినడానికి చెవి కోసుకునేవాణ్ణి. విన్నాక ఒళ్ళు తేలికయ్యేది. శ్రద్ధగా చదువుకునేవాణ్ణి, శ్రద్ధగా ఆడేవాణ్ణి, వేళకి ఇంటికి వచ్చేవాణ్ణి. మా ఆవిడ సాయంత్రం రెండు కప్పుల టీ పెట్టడం మొదలుపెట్టింది. "ఈమధ్య మీరు దారిలో పడ్డారు" అంది. అవునన్నాను.

సరిదిద్దుకునే అవకాశం రాలేదా అంటే, వచ్చింది. ఫిబ్రవరిలో ఒక పొద్దున అతని గొంతు నీరసంగా ఉంది. "అన్నా, తప్పనుకోకు. నాకెందుకో ఆ ముసలోళ్ళు పెద్దగ వేస్తే పడేయాలనే అనిపిస్తది ఇంకా. లోపటి నుంచి వస్తది ఆ మాట. వినాల్నా?" అని అడిగాడు.

వినాలి అని మూడక్షరాల ముక్క పైకి అనాలి, అంతే. ఏడాది ముగియడానికి ఇంకా రెండు నెలలున్నాయి. అతని ఆట అతనికి తిరిగి దొరికేది. నేను అనలేదు. "ఆ మాటే నిన్ను ముంచుతోంది" అన్నాను. "సరే అన్నా" అన్నాడు. అతను ఎదురు వాదిస్తే నాలో మంచితనం ఏమైనా బయటికొచ్చేదేమో తెలియదు. అతను ఎప్పుడూ వాదించేవాడు కాదు.

ఏడాది నిండేసరికి ఇంటి అద్దె సంగతి అడగక్కర్లేకపోయింది. ఆ అమ్మాయి గొడవ కూడా పెట్టలేదట. అతనే రెజ్యూమే తీసి దిద్దుకున్నాడు. న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఒక కాంట్రాక్టు దొరికింది, వెంటనే చేరాలన్నారు. వెళ్ళేముందు శనివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి పిలిచాం. మా ఆవిడ గుత్తి వంకాయ చేసింది, అతనికిష్టమని. ముందు రోజే నన్నడిగి మరీ చేసింది.

భోజనాల దగ్గర అతని భార్య నాతో అంది. "అన్నయ్యా, మీకు థాంక్స్ చెప్పాలె. ఫ్రెండ్స్ అందరు సూపర్ సూపర్ అని ఎగదోసినోళ్ళే. మీరొక్కరే రోజూ ఫోన్ల తప్పులు చెప్పిండ్రు. మీరు లేకపోతే ఈయన కళ్ళు తెరుచుకోకపోతుండె, ఇంకో ఏడాది అడుగుతుండె."

మా ఆవిడ నా వైపు చూసింది. గర్వంగా చూసింది. పెళ్ళయిన కొత్తలో చూసేది అలాగ. ఆ చూపు కోసమే కదా ఇంత కుళ్ళింది నేను. నీళ్ళు తాగాను. అతను తల వంచుకుని వంకాయ కలుపుకుంటున్నాడు. "అవును, అన్న నిజం చెప్తడు" అన్నాడు.

తిన్నాక ఇద్దరం కిందికి దిగాం. అద్దెకి తెచ్చిన ట్రక్కు వాళ్ళ బ్లాకు ముందు ఆపి ఉంది. పిల్ల సైకిలు, రెండు కుర్చీలు మిగిలితే ఎక్కించాం. అతను వెనక తలుపు కిందికి లాగి తాళం వేశాడు. చేతులు దులుపుకుని, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

"అన్నా, ఒక్కటి అడుగుత. ఇంక పోతనే ఉన్న కద, మొహమాటం లేకుండ చెప్పు. నాకు ఈ ఆట అసలు వస్తదా?"

దీనికి జవాబు నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. నాకంటే బాగా వచ్చు నీకు, నేనే చెడగొట్టాను. నాలుక చివరిదాకా వచ్చింది. వెంటనే ఒక వంక దొరికింది. ట్రక్కు సర్దేశారు, గురువారం ఉద్యోగంలో చేరాలి, ఆ అమ్మాయి మనసు కుదుటపడింది, ఇప్పుడు చెప్పి అతన్ని ఏడిపించడం తప్ప ఏం లాభం. చాలా మంచి వంక. ఎవరికి చెప్పినా సబబే అంటారు. కానీ అసలు సంగతి అది కాదు. చెప్తే అతను ఉండిపోతాడు. ఐదున్నరకి అతని కారు మళ్ళీ మా కిటికీ కింద ఆగుతుంది.

"రాదు" అన్నాను. "నువ్వు కష్టపడ్డావు, కాదనను. కానీ ఇది నీది కాదు తమ్ముడూ."

అతను తల వంచుకున్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. తల ఎత్తేసరికి మొహం తేటగా ఉంది, ఏడాది కిందటి మొహం.

"ఇప్పుడు నిమ్మళమైంది అన్నా. వచ్చే ఆటను నేనే ఇడిసిపెట్టి పోతున్ననేమో అని నిద్ర పడ్తలేకుండె. రాదంటే ఇంక పరేషాన్ లేదు. మంచిగ పోయి పని చేసుకుంట" అన్నాడు. నన్ను గట్టిగా కావలించుకున్నాడు. తర్వాత భార్యనీ పిల్లనీ పిలిచి ఎక్కించుకుని, అద్దం సరిచేసుకుని, కిటికీలోంచి నాకు చెయ్యి ఊపాడు.

ట్రక్కు గేటు దాటేదాకా నేను కదలలేదు. ఆ నిమ్మళం నేనిచ్చిందే, నా అబద్ధంతో నేనిచ్చిందే. ఆ రాత్రి అతనికి కంటి నిండా నిద్ర పడుతుందని నాకు తెలుసు. దానికి కూడా కుళ్ళుకున్నాను.